రెండు చివర్లా ఒకే నీళ్లు: పొర దాటే మందు అణువు లెక్క ఎక్కడ తప్పింది

నా పీహెచ్‌డీ మూడో చాప్టర్ మొత్తం ఒక్క గ్రాఫ్ మీద నిలబడి ఉండేది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ఒక మందు అణువు కణం పొరని ఇవతలి నుంచి అవతలికి దాటేటప్పుడు లోతు లోతుకీ దాని ఫ్రీ ఎనర్జీ (ఆ చోటు అణువుకి ఎంత ఇష్టమో చెప్పే అంకె, తక్కువైతే ఎక్కువ ఇష్టం) ఎంత మారుతుందో చూపించే వంపు అది. ఎనిమిది నెలలు దాన్ని నమ్మాను, పోస్టర్‌లో పెట్టాను, చాప్టర్ డ్రాఫ్ట్ రాసి గైడ్ చేతికిచ్చాను. ఆ తర్వాత అది తప్పని తేలింది. ఎలా తప్పిందో, ఎవరు పట్టుకున్నారో, సరిచేయడానికి ఎంత పట్టిందో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవాళ్లలో చాలామంది ఇలాంటి స్క్రిప్టే, ఇదే ఆప్షన్‌తో వాడుతుంటారని నా గట్టి అనుమానం.

పని కొత్తవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. కణం పొర అంటే లిపిడ్ అణువులు రెండు వరసలుగా, తోకలు లోపలికీ తలలు నీళ్ల వైపుకీ పెట్టుకుని నిలబడ్డ షీటు. మందం 4 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, నడుమ భాగం నూనె లాంటిది. ఒక అణువు ఆ నూనెలోకి దిగి అవతలి నీళ్లలోకి తేలాలి. ప్రతి లోతులోనూ దాని ఫ్రీ ఎనర్జీ ఎంతో, అక్కడ ఎంత వేగంగా కదులుతుందో తెలిస్తే పర్మియబిలిటీ, అంటే అణువు పొరని ఎంత సులువుగా దాటుతుందో, లెక్క కట్టొచ్చు. పొరల సిమ్యులేషన్లలో ఈ దారి వేసింది 1994లో మారింక్, బెరెండ్‌సెన్ నీటి అణువుల మీద చేసిన పని. ఇందులో ఒక మెలిక ఉంది. కదలిక వేగం రెండు రెట్లు తప్పితే జవాబు కూడా రెండు రెట్లే తప్పుతుంది, కానీ ఫ్రీ ఎనర్జీ ఎక్స్‌పొనెన్షియల్ లోపల కూర్చుని ఉంటుంది కాబట్టి శరీర ఉష్ణోగ్రత దగ్గర మోల్‌కి ఒక్క కిలోకెలరీ తేడా వచ్చినా పర్మియబిలిటీ అయిదు రెట్లు మారిపోతుంది. అందుకే మా టెన్షన్ అంతా ఆ వంపు గురించే.

మా సిస్టమ్ చిన్నదే. పీఓపీసీ అనే రకం లిపిడ్లు 128, ఒక్కో లీఫ్‌లెట్‌లో, అంటే ఒక్కో వరసలో, 64, లిపిడ్‌కి 50 చొప్పున 6400 నీటి అణువులు, మధ్యలో మా మందు అణువు ఒకటి, అన్నీ కలిపి సుమారు 36,400 పరమాణువులు. ఉష్ణోగ్రత 310 కెల్విన్, ఫోర్స్ ఫీల్డ్ (పరమాణువుల మధ్య బలాలు లెక్కగట్టే సూత్రాలూ అంకెలూ) చార్మ్36, సాఫ్ట్‌వేర్ గ్రోమాక్స్. పొర వరకు జాగ్రత్తగానే చేశాం. వాండర్‌వాల్స్ బలాలకి చార్మ్36 లిపిడ్లు అడిగేది 1.0 నుంచి 1.2 నానోమీటర్ల మధ్య ఫోర్స్ స్విచ్ (బలాన్ని మెల్లగా సున్నాకి దించడం), డిస్పర్షన్ కరెక్షన్ (ఆ దూరం అవతల వదిలేసిన బలాలకి వేసే సవరణ) లేకుండా. వేరే ఫోర్స్ ఫీల్డ్ ఫైలు కాపీ కొట్టి ఇక్కడ పెట్టేస్తే లిపిడ్ విస్తీర్ణమే మారిపోతుంది. మాకు విస్తీర్ణం ఎక్స్-రే, న్యూట్రాన్ ప్రయోగాలు చెప్పే 64 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరే వచ్చింది. కాబట్టి పొర మీద అనుమానం లేదు.

మందు అణువు పేరు ఇక్కడ అవసరం లేదు, ఆకారం తెలిస్తే చాలు. ఒక చివర జంట రింగులు, నూనెని ఇష్టపడే భాగం. రెండో చివర రెండు హైడ్రాక్సిల్ గ్రూపులు, ఒక అమీన్, నీళ్లని ఇష్టపడే భాగం. అంటే దీనికి తలా తోకా ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మేం ముందు తీసుకున్నది చార్జ్ లేని రూపం.

అణువుని మామూలుగా వదిలేస్తే పొర మధ్యకి ఎప్పుడో గానీ వెళ్లదు. అందుకని అంబ్రెల్లా శాంప్లింగ్ చేస్తాం: ఒక లోతులో ఊహా స్ప్రింగుతో అణువుని కట్టి ఉంచడం, కాసేపు నడపడం, పక్క లోతుకి జరగడం. ప్రతి లోతునీ ఒక విండో అంటాం. పొర మధ్యని సున్నా అనుకుంటే మైనస్ 3.5 నుంచి ప్లస్ 3.5 నానోమీటర్ల దాకా 0.1 చొప్పున 71 విండోలు, ఒక్కోటి 40 నానోసెకన్లు. మా గ్రాఫిక్స్ కార్డు ఈ సైజు సిస్టమ్‌ని రోజుకు 200 నానోసెకన్ల దాకా నడిపేది కాబట్టి రెండు వారాల పని. మొదలుపెట్టే కాన్ఫిగరేషన్ల కోసం అణువుని పైనున్న నీళ్లలో పెట్టి, పొరలోంచి కిందికి ఒకే లాగుడులో లాగేశాం, పికోసెకనుకి 0.01 నానోమీటర్ చొప్పున. 7 నానోమీటర్లు, 700 పికోసెకన్లు. ట్యుటోరియల్స్‌లో కనిపించే వేగమే అది. ఆ దారిలోంచి 71 ఫ్రేములు కోసుకుని 71 విండోలు మొదలుపెట్టాం.

చివర్లో వ్హామ్ అనే లెక్కతో విండోలన్నిటినీ కలిపి వంపు గీయాలి. ల్యాబులో సీనియర్ల నుంచి వచ్చిన స్క్రిప్టు ఒకటుంది, అందరం అదే వాడతాం. అందులో సిమ్ అనే ఆప్షన్ ఆన్ చేసి ఉంది. అది పైసగాన్నీ కిందిసగాన్నీ సగటు చేసి, సున్నా చుట్టూ అద్దంలో చూసినట్టు సమానంగా ఉండే వంపు ఇస్తుంది. పొర రెండు వైపులా ఒకటే కాబట్టి సగటు చేస్తే డేటా రెట్టింపు అయినట్టే అనే ఆలోచన. విన్నప్పుడు నాకూ సబబుగానే అనిపించింది. వంపు ముచ్చటగా వచ్చింది. పక్క పక్క విండోల హిస్టోగ్రాములు (అణువు ఏ లోతులో ఎంతసేపు ఉందో చూపే బొమ్మలు) చక్కగా ఒకదానిమీద ఒకటి పడ్డాయి, బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటానే మళ్లీ మళ్లీ ఏరి తేడా ఎంతో చూడడం) చేస్తే ఎర్రర్ 0.2 కిలోకెలరీ. ఇంకేం కావాలి అనుకున్నాను. ఇదే అణువుకి తోబుట్టువు లాంటిది, ఒక హైడ్రాక్సిల్ తక్కువున్నది, దాన్నీ అలాగే చేసి, మొదటిది మూడు రెట్లు ఎక్కువగా పొర దాటుతుందని చాప్టర్‌లో రాశాను. హైడ్రాక్సిల్ ఎక్కువున్నది ఎక్కువ దాటడం వింతే కదా, ఆ వింతే చాప్టర్‌కి ప్రాణం అనుకున్నాను. లోపల ఏదో హైడ్రోజన్ బంధం ఏర్పడి తన పోలార్ గ్రూపుల్ని తనే దాచుకుంటోందని నాలుగు పేజీల వివరణ కూడా రాశాను.

తప్పు పట్టుకున్నది కొత్తగా చేరిన జూనియర్. నేర్చుకోవడానికని మా పాత స్క్రిప్టు పక్కన పెట్టి, నా డేటా మీదే పైథాన్‌లో తనే సొంతంగా వ్హామ్ రాశాడు. సిమ్ సంగతి తెలియదు కాబట్టి సగటు చేయలేదు. గ్రాఫ్ తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, నా కోడ్‌లో ఏదో తప్పుంది, ఎడమ చివర పైకి లేస్తోంది, రెండు చివర్లూ ఒకే నీళ్లు కదా" అన్నాడు. చూస్తే కుడివైపు నీళ్లలో సున్నా, ఎడమవైపు నీళ్లలో 2.3 కిలోకెలరీ.

వాడి కోడ్‌లో తప్పేమీ లేదు. నేను సిమ్ తీసేసి గ్రోమాక్స్‌లోనే మళ్లీ నడిపితే అదే 2.3 వచ్చింది.

ఇది ఎందుకు అసాధ్యమో చెప్పాలి. మా బాక్సు పీరియాడిక్, అంటే పైఅంచు దాటితే కిందిఅంచులోంచి లోపలికి వస్తాం. పై నీళ్లూ కింది నీళ్లూ మాటవరసకి ఒకటి కావడం వేరు, ఇక్కడ అక్షరాలా ఒకే నీళ్ల పొర. అక్కడ అణువుకి రెండు వేరు వేరు ఫ్రీ ఎనర్జీలు ఉండే వీల్లేదు. తప్పు 0.2 అని బూట్‌స్ట్రాప్ అంటోంది, 2.3 అని భౌతికశాస్త్రం అంటోంది. బూట్‌స్ట్రాప్ చూడగలిగేది విండోలో అణువు ఏమేం చేసిందో అంతవరకే. అసలు వెళ్లని చోటు గురించి దానికి ఏమీ తెలియదు.

తర్వాత నేను చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది: అయిదు వారాలు ఫోర్స్ ఫీల్డ్ మీద పడ్డాను. మందు అణువుకి ఆటోమేటిక్‌గా వచ్చిన పారామీటర్లలో ఒక టోర్షన్ (బంధం చుట్టూ మెలి తిరగడం) పెనాల్టీ స్కోరు కాస్త ఎక్కువుంది, అంటే ఆ అంకె అంత నమ్మదగ్గది కాదు, దానికి క్వాంటమ్ లెక్కలు చేసి, మళ్లీ ఫిట్ చేసి, పరీక్షించి... ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే సరిపోయేది. పారామీటర్ తప్పయితే ఆ తప్పు పై లీఫ్‌లెట్‌లోనూ కింది లీఫ్‌లెట్‌లోనూ సమానంగా ఉంటుంది. తప్పుడు ఫోర్స్ ఫీల్డ్ తప్పుడు వంపునిస్తుంది గానీ, రెండు వైపులా ఒకేలాంటి తప్పుడు వంపునిస్తుంది. రెండు వైపులా తేడా వచ్చిందంటే కారణం సెటప్‌లో ఉండాలి, లేదా శాంప్లింగ్‌లో ఉండాలి. మూడో చోటు లేదు.

ఇక్కడ గైడ్ ఒక మంచి ప్రశ్న వేశారు. మా అణువు కైరల్ (ఎడమచెయ్యి, కుడిచెయ్యిలా అద్దంలోని తన బొమ్మతో కలవనిది), లిపిడ్లూ కైరల్, మరి రెండు లీఫ్‌లెట్లూ దానికి వేరుగా కనిపించవా అని. రెండు రోజులు కాగితం మీద గీసుకుని చూశాను. రెండు లీఫ్‌లెట్ల మధ్య ఉన్నది అద్దం సంబంధమైతే ఆ ప్రశ్న నిజమయ్యేది, కానీ రెండింట్లోనూ ఒకే చేతివాటం లిపిడ్లు ఉన్నాయి కాబట్టి ఒకదాన్ని పొర తలంలో ఉన్న ఇరుసు చుట్టూ సగం చుట్టు తిప్పితే రెండోది వస్తుంది. తిప్పడం వల్ల చేతివాటం మారదు. కాబట్టి కైరల్ అణువుకి కూడా వంపు రెండు వైపులా సమానంగానే రావాలి.

సెటప్ తనిఖీలు రెండు రోజుల్లో అయిపోయాయి. లిపిడ్లు 64, 64 సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటీ అటు నుంచి ఇటు రాలేదు. అణువు లోతుని కొలిచే పుల్ కోఆర్డినేట్ కూడా చూశాం. డిస్టెన్స్ అని పెడితే దూరానికి ప్లస్ మైనస్ గుర్తు ఉండదు, పొర మధ్యలోని విండోలు గందరగోళం అవుతాయి, మేం డైరెక్షనే పెట్టాం. మిగిలింది శాంప్లింగ్.

ఎక్కడ అన్నది పట్టించింది చాలా చిన్న లెక్క. ప్రతి విండోలోనూ స్ప్రింగు సగటున ఎంత సాగిందో చూస్తే అక్కడి సగటు బలం తెలుస్తుంది. ప్లస్ 1.3 దగ్గర బలమూ మైనస్ 1.3 దగ్గర బలమూ సమానంగా, ఎదురెదురుగా ఉండాలి, కలిపితే సున్నా రావాలి. 35 జంటలకీ కలిపి ప్లాట్ చేశాం. అన్నిచోట్లా సున్నా చుట్టూ ఊగుతోంది, 0.6 నుంచి 1.7 వరకు మాత్రం ఒకే వైపుకి ఒరిగి ఉంది. ఎంత ఒరిగిందంటే, ఆ 1.1 నానోమీటర్ల మేరా సగటున స్ప్రింగు 0.009 నానోమీటర్ తేడాగా సాగింది, అంతే. మా స్ప్రింగు గట్టిదనం 1000 కిలోజౌల్/మోల్/చదరపు నానోమీటర్, హిస్టోగ్రామ్ వెడల్పు 0.05 దాకా ఉంటుంది. వెడల్పులో ఆరో వంతు జరిగితే హిస్టోగ్రాముల బొమ్మ మీద కంటికి ఏం ఆనుతుంది? ఆ చిన్న జరుగుడే పదకొండు విండోల మీదుగా పోగై 2.3 కిలోకెలరీ అయింది. హిస్టోగ్రాములు బాగా కలిశాయి కాబట్టి లెక్క కుదిరిందని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ఈ అంకెలు గుర్తొస్తాయి.

తర్వాత అణువుల బొమ్మలు చూపించే వీఎండీ సాఫ్ట్‌వేర్‌లో మైనస్ 1.3 విండో తెరిచి, నీళ్లన్నీ దాచేసి, అణువు చుట్టూ అర నానోమీటర్‌లోపు ఉన్నవి మాత్రం పెట్టి చూశాం. అణువు తలకిందులుగా ఉంది. కింది లీఫ్‌లెట్‌లో ఉన్నప్పుడు జంట రింగులు పొర నడుమకీ, హైడ్రాక్సిల్స్, అమీన్ కింద నీళ్ల వైపుకీ ఉండాలి. ఇక్కడ రింగులు లిపిడ్ తలల్లోకి కుక్కి ఉన్నాయి, హైడ్రాక్సిల్స్ పైకి, నూనెలోకి తిరిగి ఉన్నాయి, వాటిని పట్టుకుని మూడు నీటి అణువులు చుట్టూ నూనె తప్ప ఏమీ లేని చోట గుత్తిలా వేలాడుతున్నాయి. ఫ్రేము తర్వాత ఫ్రేము జరిపాను. 10 నానోసెకన్లు, 20, 30. నీటి అణువులు రెండయ్యాయి, మళ్లీ మూడయ్యాయి, అణువు మాత్రం తిరగలేదు. 40 అయిపోయింది. ప్లస్ 1.3 తెరిస్తే అణువు మొదటి ఫ్రేము నుంచీ ఉండాల్సిన తీరులో ఉంది, అదీ 40 నానోసెకన్లలో ఒక్కసారి కూడా తిరగలేదు. ఇటు కుదురుగా ఉందని మురిసిపోవడానికి లేదు, రెండూ ఎలా మొదలుపెట్టామో అలాగే బిగుసుకుపోయాయి. పైవైపు మాత్రం అదృష్టవశాత్తూ సరైన తీరులో బిగుసుకుంది.

ఎందుకు అలా అయిందో ఆ లాగుడు ట్రాజెక్టరీ చూస్తే అర్థమైంది. పై నీళ్లలోంచి దిగేటప్పుడు అణువు రింగులు ముందు పెట్టుకుని పొరలోకి వచ్చింది, అది సహజమే. పొర మధ్య దాటడానికి దానికి దొరికిన సమయం 100 పికోసెకన్ల చిల్లర. తిరగడానికి వ్యవధి లేక, అదే తీరులో, రింగులు ముందుగా, కింది లీఫ్‌లెట్‌లోకి దిగిపోయింది. అక్కడ అది తలకిందులే. లిపిడ్ల కదలిక వేగంతో పోల్చి చూడండి. ఇలాంటి ద్రవ పొరలో లిపిడ్ పక్కకి కదిలే డిఫ్యూజన్ సెకనుకి 10 చదరపు మైక్రోమీటర్ల స్థాయిలో ఉంటుంది, అంటే నానోసెకనుకి 0.01 చదరపు నానోమీటర్. దాని ప్రకారం ఒక లిపిడ్ తన వెడల్పంత, 0.8 నానోమీటర్, జరగడానికి 16 నానోసెకన్లు కావాలి. మేం ఈ నీళ్ల నుంచి ఆ నీళ్ల దాకా దారి మొత్తాన్ని 0.7 నానోసెకనులో దాటించేశాం. చుట్టూ ఉన్న లిపిడ్లకి ఏం జరిగిందో తెలిసేలోపే అణువు వెళ్లిపోయింది. పొర నడుమ తోకల చివర్లు వదులుగా ఉంటాయి కాబట్టి అక్కడి విండోల్లో అణువు తర్వాత సులువుగానే తిరిగింది. లిపిడ్ తలనీ తోకల్నీ కలిపే గ్లిసరాల్ కిందుగా, తోకలు బిగుతుగా ఉన్న చోట చిక్కుకుపోయింది. మైనస్ 0.6లో చాలాసార్లు తిరిగింది, 0.9లో 31వ నానోసెకను దగ్గర ఒక్కసారి, 1.1 నుంచి 1.5 వరకు అసలు లేదు. బలాల ప్లాట్ ఎక్కడ ఒరిగిందో సరిగ్గా అక్కడే.

సరిచేయడం మొదటి ప్రయత్నంలో కాలేదు. ముందు లాగుడు పూర్తిగా మానేశాం. మైనస్ 1.8 నుంచి ప్లస్ 1.8 దాకా 37 విండోలకి, ఒక్కోదానికి రెండు మొదళ్లు: ఒకదాంట్లో అణువు రింగులు పైకి, రెండోదాంట్లో కిందికి. ప్రతిదాంట్లో అణువుని ఖాళీ పొరలో ఆ లోతులో పెట్టి, దాని బలాలని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ లిపిడ్లు తప్పుకునేలా చేశాం. ఒక్కోటి 300 నానోసెకన్లు. మొత్తం 22.2 మైక్రోసెకన్లు, నాలుగు కార్డులు దాదాపు నెల రోజులు వేరే పనేమీ లేకుండా నడిచాయి. క్యూలో మిగతావాళ్ల జాబులు ఆగిపోతే ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా, వాళ్ల కోపం న్యాయమే.

అయినా 1.3, 1.4 దగ్గర రెండు మొదళ్లూ కలవలేదు. 300 నానోసెకన్లలో అణువు రెండు మూడు సార్లే తిరిగింది, రెండు మూడు సార్లతో సగటు రాదు. అప్పుడు పక్క పక్క విండోల మధ్య రెప్లికా ఎక్స్‌చేంజ్, అంటే కాన్ఫిగరేషన్లని అప్పుడప్పుడూ మార్చుకోవడం, పెట్టాం, రెండు వైపులా 1.0 నుంచి 2.8 వరకు. ఇందులో సుఖం ఏమిటంటే, 1.3లో చిక్కుకున్న కాన్ఫిగరేషన్ విండోలు మారుతూ మారుతూ 2.8 దాకా పోతుంది, అక్కడ నీళ్లలో అణువు హాయిగా తిరుగుతుంది, తిరిగి కొత్త తీరుతో లోపలికి వస్తుంది. బిగుతు గదిలో సోఫా తిప్పడం కుదరకపోతే వరండాలోకి తెచ్చి తిప్పుకుని మళ్లీ లోపలికి తీసుకెళ్లినట్టు. రెండో కోఆర్డినేట్‌గా వాలు కోణాన్ని కూడా పెట్టి రెండు దిక్కుల్లో అంబ్రెల్లా చేయొచ్చు, అది ఇంకా నిక్కచ్చి పద్ధతి, కానీ విండోల సంఖ్య పది రెట్లు అవుతుంది, మాకు అంత కార్డు సమయం లేదు.

ఎక్స్‌చేంజ్ తర్వాత మొదటి 100 నానోసెకన్లు వదిలేసి, సిమ్ లేకుండా వంపు గీస్తే రెండు చివర్ల తేడా 0.3 కిలోకెలరీకి వచ్చింది. ఇక జవాబు ఎంత మారిందో చూడండి. పాత లెక్కలో సగటు చేయడం వల్ల 2.3 తప్పు కనిపించకుండా పోయింది గానీ దానిలో సగం, సుమారు 1.15, పొర మధ్య అడ్డంకిలోకి చేరిపోయింది: నీళ్ల మట్టం అంత పైకి లేచింది కాబట్టి అడ్డంకి అంత పొట్టిగా కనిపించింది. సరిచేసిన వంపులో పర్మియబిలిటీ పోస్టర్‌లో రాసినదానికంటే ఆరు రెట్లు తక్కువ. తోబుట్టువు అణువునీ మళ్లీ చేశాం. దానికి పాత తేడా 0.8 మాత్రమే, ఒక హైడ్రాక్సిల్ తక్కువ కాబట్టి అది త్వరగా తిరిగేది, దాని పర్మియబిలిటీ రెండు రెట్లే తగ్గింది. మూడు రెట్లు అని నేను గొప్పగా రాసిన తేడా పోయింది, ఎర్రర్ బార్లు చూస్తే రెండు అణువులూ సమానం. లోపల హైడ్రోజన్ బంధం గురించి రాసిన నాలుగు పేజీలు తీసేశాను. ఆ బంధం ట్రాజెక్టరీలో నిజంగానే ఉంది, కానీ అది తలకిందులుగా చిక్కుకున్న అణువు నూనెలో నిలవడానికి చేసుకున్న ఏర్పాటు.

గైడ్‌కి చెప్పిన రోజు చాలా భయపడ్డాను. ఆమె రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "పోస్టర్ చూసినవాళ్లలో మనకి తెలిసినవాళ్లందరికీ ఈరోజే మెయిల్ పెట్టమ్మా, చాప్టర్ సంగతి రేపు మాట్లాడుకుందాం" అన్నారు. పెట్టాను. చాప్టర్ ఇప్పుడు ఆ తిరుగుడు గురించే: ఏ లోతులో ఎంత సమయం పడుతుంది, హైడ్రాక్సిల్ ఒకటి తగ్గితే ఎందుకు అంత తేడా వస్తుంది అని. నిజానికి పాతదానికంటే ఇదే ఎక్కువ నచ్చింది నాకు.

ల్యాబు స్క్రిప్టులో సిమ్ తీసేశాం. ఇప్పుడది ముందు సగటు చేయని వంపు గీస్తుంది, తర్వాత జంట విండోల బలాల మొత్తం, తర్వాత ప్రతి విండోలో వాలు కోణం సమయంతో ఎలా మారిందో చిన్న చిన్న బొమ్మలు. ఆ కోణం గీత బల్లపరుపుగా ఉంటే ఆ విండో పూర్తికానట్టే లెక్క. చాలామంది ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్క లీఫ్‌లెట్ మాత్రమే చేసి రెండో సగం అద్దంలో వేసుకుంటారు. అందులో తప్పు లేదు, కానీ అలా చేస్తే ఈ ఉచిత పరీక్ష చేజారిపోతుంది కాబట్టి కనీసం రెండు తీరుల్లో మొదలుపెట్టి కలుస్తున్నాయో లేదో చూడాలని నా అభిప్రాయం.

ప్రస్తుతం చార్జ్ ఉన్న రూపం నడుస్తోంది. అమీన్‌కి ప్రోటాన్ చేరాక అది తనతోపాటు నీళ్లనే కాదు, లిపిడ్ తలల్ని కూడా నూనెలోకి లాక్కుపోతోంది, పొర ఒకవైపు గుంటపడుతోంది. మైనస్ 0.4 విండోలో రింగులు పైకి పెట్టి మొదలుపెట్టిన దాంట్లో గుంట కింది నుంచి ఉంది, కిందికి పెట్టిన దాంట్లో పై నుంచి ఉంది. 180 నానోసెకన్లు అయింది, రెండూ ఇంకా కలవలేదు.